పాల పుస్తకంలో కరెంటు లెక్క

మా ఫ్రిజ్ మీద ఒక నోటుపుస్తకం ఉంటుంది. పాల లెక్క రాసుకోవడానికి పెట్టుకున్నది. అందులో ఫిబ్రవరి పేజీలు తీస్తే పాలు కనబడవు. "పోయింది 10:12, వచ్చింది 10:13, లేవలేదు. పోయింది 3:40, వచ్చింది 4:25, లేచింది." ఇట్లా నాలుగు పేజీలు. నెలాఖరుకు లెక్క చూసుకోవడానికి వచ్చిన పాలాయన ఆ పేజీలు చూసి, "ఎవురమ్మా లేవనిది? ఆసుపత్రికి తీసకపోలేదా?" అని కంగారుపడ్డాడు.

లేవనిది మనిషి కాదు. మా పెద్దమ్మాయి చేసిన సర్క్యూట్ బోర్డు.

మొదటి నుంచి చెప్తాను. మా పుట్టిల్లు పులివెందుల నుంచి లింగాల పోయే దారిలో ఒక పల్లె. నాలుగెకరాల చీనీ తోట, ఒక బోరు, అమ్మా నాయనా. సీమలో పుట్టిన వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్లకు తెలియాలి కదా, మా దగ్గర సేద్యమంటే వాన కోసం ఎదురుచూడటం కంటే కరెంటు కోసం ఎదురుచూడటమే ఎక్కువ. పంపుసెట్లకు 2004 నుంచి బిల్లు లేదు, నిజమే. కానీ త్రీఫేజ్ కరెంటు రోజంతా ఉండదు. ఇచ్చే ఆ కొన్ని గంటల్లోనే తోటంతా తడవాలి. ఆ గంటల్లో కూడా మధ్యమధ్యలో పోయి వస్తుంటుంది. పోతే మోటారు ఆగుతుంది. వస్తే దానంతటది తిరగదు, ఎవరో ఒకరు పోయి స్టార్టర్ డబ్బాలో పచ్చ బటన్ నొక్కాలి.

ఆ ఎవరో ఒకరు మా నాయనే. డెబ్బై రెండేళ్లు. ఇంటికీ బోరుకూ ముక్కాలు కిలోమీటరు. మొన్న వానాకాలంలో ఒకరోజు మబ్బుతోనే కరెంటు వచ్చిందని లేచి పోయి, డ్రిప్పు పైపు కాలికి తట్టుకుని పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. రెండు నెలలు కట్టుతో ఉన్నాడు. ఆ రెండు నెలలూ బటన్ నొక్కడానికి అమ్మ పోయింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. నాకు ఫోన్లో ఇద్దరూ ఒకటే మాట, "ఏం గాదులే, నువ్వు రావద్దు, పిల్లల చదువులు చూసుకో."

ఆటో స్టార్టర్ పెట్టుకోవచ్చు కదా అని మీరనుకోవచ్చు. చాలామంది పెట్టుకున్నారు కూడా. కరెంటోళ్లు మాత్రం వద్దంటారు. ఎందుకో నాకూ అప్పుడు తెలీదు, తర్వాత మా పాప చెప్పింది. మోటారు తిరిగేటప్పుడు తీసుకునే కరెంటు కంటే మొదలయ్యేటప్పుడు అయిదారింతలు ఎక్కువ తీసుకుంటుందట. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిహేను మోటార్లుండి, కరెంటు రాగానే అన్నీ ఒకేసారి మొదలైతే ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఏం కావాలి? పెళ్లిలో భోజనాల పిలుపు రాగానే అందరూ ఒక్కసారే గుమ్మంలో పడినట్టన్నమాట.

పాప ఇక్కడ కర్నూల్లో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, ఈసీఈ. ప్రాజెక్టు ఏం చేయాలని స్నేహితులంతా నెట్లో వెతుకుతుంటే ఇది మాత్రం తాత మోటారుకు పెట్టె చేస్తానంది. తాత ఇంట్లో నుంచి మిస్డ్ కాల్ ఇస్తే మోటారు మొదలవ్వాలి, ఆగాలి. కరెంటు పోయి వస్తే మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూసుకుని, కొంచెంసేపు ఆగి, దానంతటదే మొదలుపెట్టి తాత ఫోనుకు మెసేజ్ పంపాలి. ఇటువంటివి బజారులో దొరుకుతాయని దానికీ తెలుసు. పుణెలో సంతోష్ ఓస్త్వాల్ అనే ఆయన ఎన్నో ఏళ్ల కిందటే నానో గణేశ్ అని సెల్‌ఫోన్‌తో నడిచే పెట్టె తయారుచేశాడని, ఆయనకు కూడా ఆ ఆలోచన పంపు దగ్గరికి నడిచిపోయే తన తాతను చూసే వచ్చిందని అదే నాకు చెప్పింది. "అయితే అదే కొనొచ్చు కదే" అన్నాను. "ఆయన తాతకు ఆయన చేసినాడు. నా తాతకు నేను చేయకూడదా?" అంది. ఇంకేం మాట్లాడతాం.

మొదట ఆర్డుయినో ఊనో అనే నీలంరంగు బోర్డు మీద చేసింది. ఇటలీలో విద్యార్థులు సులువుగా నేర్చుకోవడానికని 2005లో పుట్టిన బోర్డులట ఇవి. దాని మీద అన్నీ సక్రమంగా పనిచేశాయి. కానీ అది తీగల కుప్ప. పొలంలో ఎలుక తాకితే చాలు ఊడిపోతుంది. అందుకని తానే గీసి, తన సొంత బోర్డు అచ్చు వేయించుకుంది. ఊనో మీద ఉండే ఏటీమెగా 328పీ చిప్పునే కొత్తది విడిగా తెప్పించి దాని మీద పెట్టింది. నల్లగా, సగం అరచేతంత ఉంది. మూలన చిన్న తెల్ల అక్షరాలతో "తాత" అని అచ్చు వేయించింది. నేను చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాను.

అది పనిచేయలేదు.

మొదటిరోజు ఏమీ లేదు, చచ్చిన బల్లిలాగా పడుంది. తర్వాత చూస్తే చావలేదు, నత్తలాగా నడుస్తోంది. సెకనుకోసారి వెలగాల్సిన లైటు ఎనిమిది సెకన్లకోసారి వెలుగుతోంది. కొత్త చిప్పు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు తన వేగాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించుకునే వస్తుందట. దాన్ని మార్చడానికి "ఫ్యూజులు" సరిచేయాలంది. నాకు ఫ్యూజంటే మెయిన్ దగ్గర తెల్ల పింగాణి బిళ్ల లాగి తీగ చుట్టేది. స్క్రూడ్రైవర్ తెచ్చి ఇచ్చాను. అది పడీపడీ నవ్వింది. చిప్పు లోపల ఎట్లా మొదలవ్వాలో చెప్పే మూడు మీటల్లాంటి అమరికలకు ఆ పేరట. తీగా లేదు, కాలిపోయేదీ లేదు. అందులో వేగానికి సంబంధించిన మీట సరిచేసింది. లైటు సెకనుకోసారి వెలిగింది. ఆ రోజు ఇంట్లో ఉగ్గాని, బజ్జీ.

(ఆ మూడు మీటలని గుర్తు పెట్టుకోండి. మళ్లీ వస్తాయి.)

తర్వాత సిమ్ కార్డు పెట్టే చిన్న మాడ్యూల్ తగిలించింది. మొదలుపెడితే లైటు నాలుగుసార్లు వెలిగి ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆరిపోతుంది. టవర్‌ను వెతుక్కునేటప్పుడు ఆ మాడ్యూల్ ఒక్క క్షణం రెండు ఆంపియర్ల దాకా గుంజుతుందట. అంత ఇవ్వలేక వోల్టేజి కూలబడుతోంది. వారం రోజులు తంటాలు పడి, హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ నుంచి వాళ్ల బాబాయి పంపిన కెపాసిటర్లలో పెద్దవి రెండు, ఒక్కొక్కటి 1000 మైక్రోఫారడ్లు, బోర్డుకు అతికించింది. కెపాసిటర్ అంటే మన మేడ మీద నీళ్ల ట్యాంకు అనుకోండి. కుళాయి ఒక్కసారిగా తిప్పినా ధార తగ్గకుండా చూస్తుంది. అంతే, మాడ్యూల్ కుదురుకుంది. ఆ రెండు డబ్బాలూ నల్ల బోర్డు మీద బొద్దుగా, ముద్దుగా ఉన్నాయి. వాటినే తర్వాత తిట్టుకుంటామని అప్పుడు తెలీదు.

సంక్రాంతికి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరి, అక్కడి నుంచి పులివెందుల బస్సెక్కి ఊరికి పోయాం. బస్సులో ఆ పెట్టెను ఒళ్లోనే పెట్టుకుంది, పైన పెట్టనివ్వలేదు. ఊళ్లో మోటార్ మెకానిక్‌ను దగ్గర పెట్టుకుని స్టార్టర్ డబ్బా పక్కన బిగించారు. పాప ఫోన్ తాతకిచ్చింది. మా నాయన మిస్డ్ కాల్ ఇచ్చాడు. దూరంగా మోటారు గుర్రుమంది. నాయన ఫోన్ వైపొకసారి, తోట వైపొకసారి చూసి, "అట్లనా!" అన్నాడు. అమ్మ అయితే ఆ పెట్టెకు పసుపు, కుంకుమ పెట్టింది. కుంకుమ లోపల పడుతుందని పాప లబలబలాడింది.

చీనీ చెట్లకు అప్పుడే సమయం. నవంబర్, డిసెంబర్‌లలో నీళ్లు ఆపి చెట్టును బెట్టకు పెడతారు. జనవరిలో నీళ్లిస్తే పూత పగులుతుంది. ఆ పూత నిలిచి పిందె కావాలంటే ఇక తడి తప్పకూడదు. తప్పితే నేలంతా పిందె రాలుతుంది, సంవత్సరం ఆదాయం కాళ్లకింద నలుగుతుంది. అందుకే ఈ పెట్టె ఆటబొమ్మ కాదు.

తొమ్మిది రోజులు బాగా నడిచింది. పదో రోజు నాయన ఫోన్. "అమ్మా, పాప పెట్టె ఇయ్యాల ల్యాయలేదు. ఏం గాదులే, నేనే పోయి నొక్కి వచ్చినా." పన్నెండో రోజు మళ్లీ. ప్లగ్గు పీకి కాసేపాగి పెడితే లేస్తుంది. కానీ ప్లగ్గు పీకడానికి పోయేదేదో బటన్ నొక్కడానికే పోవచ్చు కదా! ఒకసారైతే కరెంటు వచ్చి రెండు గంటలైనా మెసేజ్ రాలేదు. మెసేజ్ రాలేదు కాబట్టి కరెంటు రాలేదనుకుని నాయన ఇంట్లోనే కూర్చున్నాడు. ఆ పూట తడి తప్పింది. పెట్టె లేనప్పుడు ఆయన తన చెవులను నమ్మేవాడు, మోటారు ఎప్పుడాగిందో ఆయనకు తెలిసేది. ఇప్పుడు పెట్టెను నమ్మి మోసపోయాడు. ఆ మాట ఆయన అనలేదు. అమ్మ అంది, నాతో మాత్రమే, గొంతు తగ్గించి.

నేను పాపకు చెప్పాలా వద్దా అని ఒక రాత్రంతా ఆలోచించాను. చెప్పాను. అది ఏమీ అనలేదు, అన్నం ముందు నుంచి లేచిపోయింది. మా వారు, "ప్రాజెక్టుకు మార్కులొస్తే చాలు, మామయ్యకు మంచి కంపెనీది కొనిచ్చేద్దాం" అన్నారు. ఆయన అన్నదీ తప్పు కాదు. కానీ ఆ మాట విన్నప్పుడు దాని మొహం నేను చూశాను, ఆయన చూడలేదు.

పెట్టెను ఆర్టీసీ కార్గోలో తెప్పించాం. వంటింటి గట్టు మీద పెట్టి ప్లగ్గు పెట్టగానే చక్కగా లేచింది. స్విచ్ తీసి టక్కున వేస్తే లేచింది. రాత్రంతా ఆపి పొద్దున వేస్తే లేచింది. యాభైసార్లు చేసింది, యాభైసార్లూ లేచింది. పిల్లలు జ్వరమని ఏడ్చి, డాక్టర్ దగ్గరికి పోగానే కిలకిలా నవ్వినట్టు. పాత ఊనో బోర్డు కూడా పక్కనే పెట్టింది, అదీ లేచింది. "అమ్మా, ఇందులో తప్పే లేదు. మరి అక్కడెందుకు?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అక్కడ స్విచ్ ఎవరూ తీయరు కదే, కరెంటే పోతుంది. ఇక్కడ కూడా కరెంటు పోయేదాకా ఉండనీ" అన్నాను. ఏదో తోచి అన్నానే గానీ తెలిసి కాదు. ఆ రెండు బోర్డులనూ ఫ్రిజ్ పక్కన ప్లగ్గులో పెట్టి కాలేజీకి పోయింది. నేను ఇంట్లోనే ఉంటాను కదా, చేతికందిన పాల పుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. ఆ వారం మా వీధిలో లైన్ల మరమ్మతు జరుగుతోంది, కరెంటు అస్తమానం పోయి వస్తోంది. మామూలుగా అయితే తిట్టుకునేదాన్ని. ఆ వారం మాత్రం కరెంటు పోగానే తిరగమోత వదిలేసి గడియారం వైపు పరుగెత్తేదాన్ని. రెండుసార్లు ఆవాలు మాడిపోయాయి.

ఊనో ప్రతిసారీ లేచింది. "తాత" బోర్డు కొన్నిసార్లు లేవలేదు. నాలుగు పేజీలయ్యాక ఒక మధ్యాహ్నం కంది పప్పు ఏరుతూ ఆ లెక్క చదువుకున్నాను. పప్పు ఏరేటప్పుడు కళ్లకు ఒక అలవాటుంటుంది, తేడాగా ఉన్నదే కనబడుతుంది. కనురెప్పపాటు పోయి వస్తే లేచింది. పావుగంట దాటి పోయి వస్తే లేచింది. మధ్యలోవి, అరనిమిషం, నిమిషం, రెండు నిమిషాలు, అవే లేవనివి. అన్నీ కాదు, కానీ లేవనివన్నీ వాటిలోనే.

సాయంత్రం పాపకు చూపించాను. అది బ్యాగు కూడా దించకుండా నిలబడి చదివింది. తర్వాత మల్టీమీటర్ తెచ్చి బోర్డుకు పట్టుకుని, "అమ్మా, స్విచ్ తీసి గడియారం చూస్తూ అంకెలు రాయి" అంది. బోర్డు నాలుగు వోల్టుల మీద నడుస్తుంది. స్విచ్ తీయగానే ముందు కాసేపు అట్లాగే ఉండి, తర్వాత మూడు, రెండు అంటూ గబగబా పడింది. ఒకటిన్నర దగ్గరికొచ్చి నిలబడిపోయింది. అక్కడి నుంచి చెట్టెక్కిన ఉడుము దిగినట్టు, కదిలీ కదలనట్టు. నిమిషం దాటినా సున్నా కాలేదు. అది అక్కడుండగానే స్విచ్ వేసింది. లేవలేదు! వారం రోజుల్లో మొదటిసారి మా కళ్లముందే, మేం చెప్పినప్పుడు లేవలేదు. బోర్డు పాడైనందుకు తల్లీకూతుళ్లు ఎగిరి గంతులేసిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.

సంగతేమిటంటే, ఆ రెండు బొద్దు కెపాసిటర్లు. కరెంటు పోయినా ట్యాంకు అడుగున నీళ్లు మిగిలినట్టు వాటిలో కాస్త మిగులుతోంది. చిప్పుకు కరెంటు పూర్తిగా పోయి వస్తేనే "ఇది కొత్తగా మొదలు" అని తెలుస్తుంది. సగం మిగిలితే అది నిద్రా కాదు, మెలకువా కాదు. వోల్టేజి పడిపోయేటప్పుడు మతి తప్పి ఎక్కడో చిక్కుకుంటుంది, కరెంటు వచ్చినా ఆ చిక్కులోనే ఉండిపోతుంది. మధ్యాహ్నం సగం నిద్రలో లేపితే మా చిన్నోడు బడి బ్యాగు వేసుకుని స్నానాల గదిలోకి పోయినట్టు. టక్కున తీసి వేస్తే వోల్టేజి అసలు పడలేదు, రాత్రంతా ఆపితే పూర్తిగా దిగిపోయింది. పాప చేసిన యాభై పరీక్షలూ ఈ రెండు రకాలే. ఊళ్లో పోయే కరెంటేమో మధ్య రకం.

మరి ఊనో ఎందుకు లేచింది? ఆ చిప్పే కదా! ఇక్కడే ఆ మూడు మీటలు. వోల్టేజి ఒక గీత కిందికి పోతే చిప్పును బలవంతంగా ఆపి, మళ్లీ ఆ గీత దాటాకే మొదటి నుంచి లేపే కాపలా ఒకటి చిప్పులోనే ఉంది. బ్రౌనౌట్ డిటెక్షన్ అంటారట. ఊనో తయారుచేసేవాళ్లు ఆ కాపలాను 2.7 వోల్టుల దగ్గర పెట్టే పంపుతారు. విడిగా కొన్న కొత్త చిప్పులో అది ఆపేసి ఉంటుంది. పాప వేగం మీట సరిచేసింది గానీ మూడోదాన్ని ముట్టుకోలేదు. అందులో ఎఫ్ఎఫ్ అని ఉంది, ఎఫ్‌డీ అని ఉండాలి. ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరానికి మా నాయన ఎన్నిసార్లు బోరు దగ్గరికి నడిచాడో లెక్కవేయబోయి మానుకున్నాను.

మార్చింది. మిగిలిన కరెంటు త్వరగా దిగిపోవడానికి కెపాసిటర్‌కు అడ్డంగా ఒక కిలో ఓమ్ రెసిస్టర్ కూడా అతికించింది, ట్యాంకు అడుగున చిన్న కన్నం పెట్టినట్టు. ఇక ఆ రాత్రి పదకొండు దాకా స్విచ్ దగ్గర కూర్చున్నాం. పది సెకన్లు, ఇరవై, నలభై, నిమిషం, రెండు నిమిషాలు. నేను స్విచ్, అది పుస్తకం. మా వారు వచ్చి కొంచెంసేపు చూసి, ఏమీ అనకుండా పోయి మా ముగ్గురికీ టీ పెట్టుకొచ్చారు. టీలో చక్కెర ఎక్కువైంది, ఇద్దరమూ చెప్పలేదు.

ఇంకొకటి నేను అడిగాను. మన ఫ్రిజ్ స్టెబిలైజర్ కరెంటు రాగానే వెంటనే వేయదు, రెండు మూడు నిమిషాలు ఆగుతుంది కదా, తాత పెట్టె ఎంతసేపు ఆగుతుందని. ముప్పై సెకన్లంది. ఆ ముప్పై సెకన్లలోనే మళ్లీ పోతే? పక్క తోటల ఆటో స్టార్టర్లన్నీ అప్పుడే లేచి వోల్టేజి గుంజితే? అది నా వైపు కొత్తగా చూసింది. మూడు నిమిషాలు చేసింది.

మార్చి మొదటి ఆదివారం మళ్లీ ఊరికి పోయాం. ఈసారి పాప పెట్టెను బ్యాగులోనే పెట్టింది. బిగించాక నాయనకు చెప్పింది, "తాతా, దీన్ని నమ్మొద్దు. నెల రోజులు మెసేజ్ వచ్చినా రాకపోయినా నీ చెవులే నమ్ము. మెసేజ్ రాకుండా మోటారు శబ్దం వినబడినా, మెసేజ్ వచ్చి వినబడకపోయినా టైం రాసిపెట్టు." నేను కొత్త నోటుపుస్తకం ఒకటి ఇచ్చాను. నాయన దాన్ని తిప్పితిప్పి చూసి, అరుగు మీద తన కళ్లద్దాల పక్కన పెట్టుకున్నాడు.

చెట్ల కింద రాలిన పిందె కొంత కనబడింది. మరీ ఎక్కువేం కాదు. "ప్రతి ఏడూ ఈ మాత్రం రాలేదే" అన్నాడు నాయన, పాప వింటోందని.

మధ్యాహ్నం సంగటి తింటుండగా ఫ్యాను ఆగింది. అందరం చేతులాపి కూర్చున్నాం. నిమిషం దాటింది. ఫ్యాను తిరిగింది. అమ్మ ఏదో అనబోతే నాయన చెయ్యెత్తి ఆపాడు. మూడు నిమిషాలు ఎంతసేపుంటాయో ఆ రోజు తెలిసింది. ముద్ద చేతిలోనే ఎండిపోతోంది. తోట వైపు నుంచి ముందు మోటారు గుర్రుమంది, తర్వాత ఆయన జేబులో ఫోన్ మోగింది. నాయన ఎంగిలి చేయి కడుక్కుని, అద్దాలు పెట్టుకుని, కొత్త పుస్తకం మొదటి పేజీలో రాశాడు. కట్టు విప్పినా ఆ చెయ్యి ఇంకా సరిగ్గా తిరగదు, అక్షరాలు పక్కకు పోయాయి.

"పోయింది 1:20. వచ్చింది 1:22. లేచింది."